కొల్లేరు నుంచి విశాఖ దాకా.. ఏ చేపలో ఎంత బలం?

భీమవరంలో బస్సెక్కి ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు వెళ్తుంటే కిటికీ పక్క సీటు అస్సలు వదలొద్దు. గోదావరి జిల్లా అంటే కళ్ల ముందు పచ్చటి వరి చేలు మెదులుతాయి కదా. ఇక్కడ ఊరు దాటితే చాలు, నీళ్లే. ఓ గట్టు, గట్టు మీద కొబ్బరి చెట్లు, చిన్న కాపలా పాక, మళ్లీ నీళ్లు. రోడ్డు పక్కన వరసగా ఆగిన లారీలు, ఐసు ఆడించే మిషన్ల చప్పుడు, ప్లాస్టిక్ ట్రేలు మోసే కుర్రాళ్లు. కళ్లు మూసుకున్నా ఎక్కడున్నామో ముక్కే చెప్పేస్తుంది.

హైదరాబాద్‌లో ఆదివారం పూట మనం తినే రోహు, బొచ్చె చాలావరకు ఇక్కడివే. కోల్‌కతాలో అన్నంలో కలుపుకునే చేపల కూరకి, గువాహటి మార్కెట్‌లో కనిపించే చేపకి కూడా ఈ గట్ల మీదే పుట్టిల్లు. ఇక్కడి పల్లెల్లో రోహుని శీలావతి అంటారు. ఎంత అందమైన పేరో!

ఈ డిసెంబరులో నేను నాలుగు రోజులు ఇటు తిరిగాను. చేపల చెరువులు చూశాను, కొల్లేరులో దోనె ఎక్కాను, చివరికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున నిలబడ్డాను. బ్యాగ్‌లో రెండు జతల బట్టలు, బుర్రలో ఒక్కటే ప్రశ్న. పెంచిన చేపకీ, దానంతటది పెరిగిన చేపకీ బలంలో తేడా ఎంత? నాటు చేపే అమృతం, చెరువు చేప వట్టి దండగ అంటూ మీ ఫోన్‌కీ ఓ ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. అందులో నిజమెంతో చేపలు పట్టేవాళ్ల దగ్గరే కనుక్కుందామని బయల్దేరా.

గోతాం సంచిలో భోజనం

ఆకివీడు దాటాక ఓ రైతు తన చెరువు చూపించారు. ఇరవై ఎకరాల పైమాటే. నీళ్లలో వరసగా కర్రలు పాతి, వాటికి గోతాం సంచులు కట్టి ఉన్నాయి. ఏంటండీ ఇవి అంటే నవ్వారు.

"మా చేపలకి క్యారేజీలండీ అవి. సంచికి అడుగున చిల్లులెట్టి మేత పోసి కడతాం. చేప వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కు తింటది. మేత వేస్టవదు. ఎంత తిన్నాయో సాయంత్రం సంచి చూస్తే తెలిసిపోద్ది."

ఆంధ్రా చేపల రైతుల సొంత తెలివి ఇది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి నేర్చుకుని వెళ్తారు. సంచిలో ఏముంటుందని అడిగా. ఎక్కువ భాగం తవుడు, అదీ నూనె తీసేసిన తవుడు. దాంట్లో వేరుశనగ చెక్కో, పత్తిగింజల చెక్కో కలుపుతారు. ఈమధ్య కంపెనీల గుళికల మేత కూడా వచ్చింది. ఇవి కాక, చెరువులో ఎరువు వేసి నీళ్లకి ఆకుపచ్చ రంగు తెప్పిస్తారు. ఆ రంగంతా కంటికి కనపడని నాచు, దాన్ని తినే సూక్ష్మజీవులు. బొచ్చెకి అవే ముఖ్యమైన తిండి.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. రోహు, బొచ్చె, మోసు.. ఇవన్నీ నిజానికి ఏటి చేపలు. వరద నీళ్లలో తప్ప గుడ్లు పెట్టవు. చెరువులో వదిలితే పెరుగుతాయి గానీ పిల్లల్ని కనవు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేపల మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ రకాల చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా ఆ రోజున దేశంలో చేపల రైతుల దినోత్సవం చేస్తారు. ఆ ఇంజెక్షన్ లేకపోతే ఈ చెరువులూ లేవు, ఈ లారీలూ లేవు.

"మీ ఇంట్లో ఏ చేప తింటారండీ?" అని అడిగా ఆ రైతుని. ఒక్క క్షణం ఆగారు.

"ఇదీ తింటాం. కానీ మా అమ్మకి మాత్రం కొల్లేటి చేప దొరికితేనే పండగండి. చెరువు చేప మట్టి వాసనేస్తదంటది."

మట్టి వాసన ఎక్కడిది?

ఆ పెద్దావిడ చెప్పింది ఊరికే కాదు. చెరువు నీళ్లలో పెరిగే కొన్ని రకాల నాచు, బ్యాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. తొలకరి వాన పడగానే నేల నుంచి వచ్చే కమ్మటి వాసనకి కారణం కూడా అదే. మట్టిలో బాగుంటుంది, చేప ముక్కలో బాగోదు. అది చేప కొవ్వులో చేరి కూర్చుంటుంది. అలా వాసన వచ్చినంత మాత్రాన చేప పాడైనట్టు కాదు, తింటే హాని కూడా లేదు.

జియోస్మిన్‌కి పులుపు పడదు. పులుపు తగిలితే విరిగిపోయి వాసన పోతుంది. మన అమ్మమ్మలు చేపని నిమ్మరసం, మజ్జిగతో కడిగి, చింతపండు పులుసులో ఉడికించడం వెనక ఇంత కెమిస్ట్రీ ఉంది. బెంగాల్ వాళ్లు ఆవాలు నూరితే మనం చింతపండు పిసికాం.

రుచి సంగతి అలా ఉంచి బలం సంగతికొద్దాం. నాకు ఈ ప్రశ్న పట్టుకోవడానికి మా అక్క కారణం. హైదరాబాద్‌లో ఉంటుంది, ఇప్పుడు ఐదో నెల. "డాక్టరమ్మ వారానికి రెండుసార్లు చేప తినమందిరా. మీ బావ రోహు తెస్తున్నాడు. పక్కింటావిడేమో చెరువు చేపలో ఏమీ ఉండదు, తిన్నా దండగంటోంది. మరి ఏం తినను?" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. బిడ్డ మెదడు, కళ్లు తయారయ్యే నెలలివి. సరదాగా తీసుకునే ప్రశ్న కాదు.

తిన్నదే ఒంట్లో చేరుతుంది

ముందు ప్రోటీన్ సంగతి. ఇక్కడ గొడవే లేదు. పెంచిన రోహు అయినా, ఏట్లో పట్టిన రోహు అయినా 100 గ్రాముల మాంసంలో 16 నుంచి 19 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. రెండూ తేలిగ్గా అరుగుతాయి. బి12 విటమిన్ రెండింట్లోనూ ఉంటుంది. కాబట్టి "చెరువు చేపలో ఏమీ ఉండదు" అన్న మాట తప్పు.

తేడా అంతా కొవ్వులో ఉంది. చేపనూనె అనగానే వినపడే ఒమేగా-3ని, అందులోనూ బిడ్డ మెదడుకి కావలసిన డీహెచ్‌ఏని, చేప చాలావరకు తనంతట తాను తయారు చేసుకోదు. నీళ్లలోని నాచు తయారు చేస్తుంది. నాచుని చిన్న పురుగులు తింటాయి, వాటిని చిన్న చేపలు, ఆ చేపల్ని పెద్ద చేపలు తింటాయి. అలా మెట్టు మెట్టు ఎక్కి మన పళ్లెంలోకి వస్తుంది. మంచినీటి చేపలకి మొక్కల కొవ్వుని కొంతవరకు ఒమేగా-3గా మార్చుకునే శక్తి ఉంది గానీ, అది కొంతే.

ఇప్పుడు ఆ గోతాం సంచి గుర్తు చేసుకోండి. అందులో ఉన్నది నూనె పిండేసిన తవుడు, చెక్క. వాటిలో మిగిలిన కాస్త కొవ్వులో ఒమేగా-6 ఎక్కువ, ఒమేగా-3 నామమాత్రం. చేప ఒంట్లోనూ అదే కనిపిస్తుంది. రోజంతా ఎదురీదే పని లేదు, తిండి కళ్ల ముందే వేలాడుతుంటుంది, కాబట్టి పొట్ట దగ్గర కొవ్వు కూడా సాధారణంగా ఎక్కువే. అయితే చెరువు నీళ్లలో నాచు బాగా ఉంటే ఆ మేరకు ఒమేగా-3 కూడా కలుస్తుంది. అందుకే ఒక చెరువు చేపకీ ఇంకో చెరువు చేపకీ కూడా తేడా ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు సాల్మన్ గురించి అడుగుతుంటారు. అక్కడి వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం 100 గ్రాముల అట్లాంటిక్ సాల్మన్‌లో, సముద్రంలో పెరిగినదైతే 142 కేలరీలు, 6 గ్రాముల పైచిలుకు కొవ్వు. అదే పెంచినదైతే 208 కేలరీలు, 13 గ్రాముల కొవ్వు. ప్రోటీన్ రెండింట్లోనూ దాదాపు 20 గ్రాములే. కొవ్వు ఎక్కువ కాబట్టి పెంచిన దాంట్లో ఒమేగా-3 తక్కువేం కాదు, కానీ దాంతోపాటు ఒమేగా-6 కూడా బాగా ఉంటుంది. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ యూనివర్సిటీ వాళ్లు అక్కడి పెంపకం సాల్మన్‌ని ఏళ్ల తరబడి పరీక్షించి 2016లో ఓ విషయం చెప్పారు. 2006 నుంచి 2015 మధ్య ఆ చేపలో ఒమేగా-3 సగానికి పడిపోయింది. చేప మారలేదు. మేతలో చేపనూనె తగ్గించి మొక్కల నూనెలు పోశారు, అంతే. అయినా చాలా రకాల చేపలకంటే దాంట్లో ఇంకా ఎక్కువే ఉందనీ చెప్పారు.

కాబట్టి చెరువా, ఏరా అని అడిగి ఆగిపోతే సగమే తెలుస్తుంది. అది ఏం తిని పెరిగిందో కూడా అడగాలి.

కొల్లేరులో తాటి దోనె

మర్నాడు కైకలూరు నుంచి కొల్లేరు లోపలికి వెళ్లా. దారిలో ఆటపాక దగ్గర గూడబాతుల కోసం ఇనప స్టాండ్లు కట్టారు. ఒక్కో స్టాండ్ మీద పది, పదిహేను గూళ్లు. ఫోన్ జూమ్ చేసి ఫొటోలు తీసుకునేవాళ్లతో గట్టు నిండిపోయి ఉంది. మీరూ వెళ్తే పొద్దున్నే వెళ్లండి, వెలుతురు బాగుంటుంది.

కొల్లేరుకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. నీళ్లు సముద్రంలోకి వెళ్లడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1999లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. ఈలోగా సరస్సులోకి చేపల చెరువులు చొచ్చుకొచ్చేశాయి. 2006లో వాటి గట్లు పేల్చేసి సరస్సుని మళ్లీ తెరిచారు. ఆ రోజుల గురించి ఇక్కడ ఎవర్ని కదిపినా రెండు రకాల కథలు వినిపిస్తాయి. సరస్సు బతికిందనేవాళ్లు కొందరు, మా పొట్ట కొట్టారనేవాళ్లు కొందరు. ఒకే అరుగు మీద కూర్చుని ఇద్దరూ వాదించుకుంటారు.

నన్ను దోనెలో తిప్పిన పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. వెదురు పుల్లలతో అల్లిన ఉచ్చులు నీళ్లలోంచి ఒక్కొక్కటే పైకి తీసి చూస్తున్నాడు. ఒకదాంట్లో రెండు మట్టగిడసలు, ఇంకోదాంట్లో ఓ బొమ్మిడాయి, ఓ జెల్ల. అడుగున వేలెడంత పరిగెలు గుప్పెడు.

"కొర్రమేను పడలేదా తాతా?"

"కొర్రమేను ఇప్పుడెక్కడిది బాబూ. నా చిన్నప్పుడు బుట్టలకి బుట్టలు. ఇప్పుడు పడితే ఆ పూట మాకు బంగారం దొరికినట్టే. ఇంట్లో తినం, అమ్మేత్తాం."

"మరి మీరేం తింటారు?"

పరిగెలు చూపించాడు. "ఇయ్యే. కొనేవోడు తక్కువ. మా ఆవిడ పులుసెడతది. ముల్లుతో సహా నమిలేత్తాం."

ఆయన అమ్ముకోలేక ఇంటికి తీసుకెళ్లే ఆ గుప్పెడు పరిగెలే, బలం లెక్కలో ఆ దోనెలో అన్నిటికంటే విలువైన సరుకు.

ఖరీదు లేని చేపలో ఖరీదైన బలం

రోహుని ముక్కలు కొడతాం. తల కొందరు తింటారు, ముల్లు పారేస్తాం, పేగులు తీసేస్తాం. మిగిలింది మాంసం. పరిగెలు, మెత్తళ్ల లాంటి చిన్న చేపల్ని మాత్రం తలతో, ముల్లుతో తింటాం. కాల్షియం ఉండేది ముల్లులో. ఇనుము, జింకు, విటమిన్ ఏ ఎక్కువగా ఉండేది తలలో, కళ్లలో, లోపలి భాగాల్లో. అంటే పెద్ద చేపలో మనం చెత్తబుట్టలో వేసేదంతా చిన్న చేపలో కడుపులోకి వెళ్తుంది.

దీన్ని ప్రపంచానికి లెక్కలతో చూపించిన శాస్త్రవేత్త శకుంతల థిల్‌స్టెడ్. ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి మనిషి. బంగ్లాదేశ్‌లో ఏళ్లపాటు పనిచేసి, మోలా అనే వేలెడంత చేప మీద పరిశోధన చేశారు. ఆ చేప మన నీళ్లలోనూ ఉండేదే. 100 గ్రాముల మోలాలో 2500 మైక్రోగ్రాములకు పైగా విటమిన్ ఏ ఉంటుందని తేలింది. చిన్న పిల్లలకి రోజుకి కావలసింది 400, 500 మైక్రోగ్రాముల ప్రాంతంలో. పెంపకం రోహు ముక్కలో ఉండేది చాలా స్వల్పం. ఈ పనికి ఆమెకి 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.

ఇప్పుడు మళ్లీ చేపల చెరువు దగ్గరికి రండి. కొత్తగా పిల్ల వేసే ముందు రైతు ఏం చేస్తాడో తెలుసా? చెరువులో ఇప్ప చెక్కో, బ్లీచింగ్ పౌడరో చల్లుతాడు. అప్పటికే నీళ్లలో ఉన్న చిన్న చేపలన్నీ చచ్చి పైకి తేలతాయి. మేతలో వాటా అడుగుతాయని, కొన్ని రకాలు చేపపిల్లల్ని మింగేస్తాయని వాటికి కలుపు చేపలని పేరు. కొర్రమేను, జెల్లల్లాంటి వేటాడే రకాల విషయంలో ఆ భయం నిజమే. కానీ మోలా ఎవర్నీ మింగదు. బంగ్లాదేశ్‌లో రోహు, బొచ్చెలతో పాటు మోలాని కూడా అదే చెరువులో పెంచి చూశారు. పెద్ద చేప దిగుబడి తగ్గలేదు. పెద్ద చేప మార్కెట్‌కి, చిన్న చేప ఇంటికి.

మనం మాత్రం విటమిన్ ఏ ఉన్నదాన్ని చంపి, లేనిదాన్ని పెంచి, పిల్లలకి విటమిన్ ఏ చుక్కల మందు వేయిస్తున్నాం.

నాటుదైతే చాలా?

దోనె తాతని ఇంకో మాట అడిగా. ఈ నీళ్లు ఎలా ఉంటున్నాయని. ముఖం చిట్లించాడు. "ఊళ్ల మురుగంతా ఇటే కదా బాబూ."

నిజమే. పట్నాల కాలవలు, ఫ్యాక్టరీల నీళ్లు, పొలాల్లో కొట్టిన పురుగుల మందు, చుట్టుపక్కల చెరువులు వదిలిన నీళ్లు అన్నీ పల్లానికే వస్తాయి. నాటు చేప తన తిండి తాను ఎంచుకుంటుంది గానీ నీళ్లని ఎంచుకోలేదు. పైగా వేటాడే పెద్ద చేపల్లో పాదరసం లాంటి లోహాలు పోగుపడతాయి. చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే అంత ఎక్కువ. సముద్రంలో సొర ఇందుకు పెద్ద ఉదాహరణ. మన కోస్తాలో బాలింతలకి పాలు పడతాయని సొర పుట్టు పెడతారు. చిన్న సొరలు వేరు, పెద్ద సొరలు వేరు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు పెద్ద సొరల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

చెరువు చేపకి దాని భయాలు దానికున్నాయి. చేపకి జబ్బు చేస్తే మందులు వాడతారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్‌ని మన దేశంలో ఆక్వా సాగులో నిషేధించారు. లారీ దూరం వెళ్లాలని ఫార్మాలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో 2018లో అస్సాం కొన్నాళ్లు బయటి చేపల్ని ఆపేసింది. ఆ దెబ్బకి ఈ గట్ల మీద రైతులు విలవిల్లాడారు. కాబట్టి నీళ్లు బాగుంటే రెండూ మంచివే. నీళ్లు పాడైతే రెండూ పాడే.

తెలంగాణ వాళ్లకి ఇక్కడ ఓ సందేహం రావాలి. మా ఊరి చెరువు చేప ఏ లెక్కలోకి వస్తుంది? 2016 నుంచి అక్కడి ప్రభుత్వం ఊరి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. పిల్ల హ్యాచరీదే, కానీ సంచి మేత ఉండదు. ఆ నీళ్లలో దొరికిందే తిని పెరుగుతుంది. అంటే సగం పెంపకం, సగం నాటు. వానాకాలం నిండిన చెరువులో అలా పెరిగిన చేప దొరికితే వదలకండి.

విశాఖలో తెల్లారగట్ల

మూడో రోజు రాత్రి రైలెక్కి విశాఖ చేరా. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో తిరణాల. బోట్ల మీంచి బుట్టలు దిగుతున్నాయి, పాటలు పాడినట్టు వేలం కేకలు, నేలంతా ఐసు నీళ్లు. చెప్పులు జాగ్రత్త, పాత జత వేసుకెళ్లండి. ఇంకో జాగ్రత్త, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ టైమ్‌లో వెళ్తే ఈ సందడి కనిపించదు.

అందరూ వంజరం, చందువా చుట్టూ మూగుతున్నారు. నేను ఓ మూల బుట్టల దగ్గర కూర్చున్న ఆవిడ దగ్గరికెళ్లా. ఆవిడ ముందు కవళ్లు, కనగుర్తలు. కవళ్లంటే సార్డిన్లు, కనగుర్తలంటే మాకెరెల్. ధర వంజరంలో నాలుగో వంతు కూడా లేదు.

"ఇది పేదోళ్ల చేప బాబూ. నూనె చేప. వేపితే మూకుడులో వేరే నూనె ఎక్కువ పొయ్యక్కర్లేదు" అంది నవ్వుతూ.

ఆ నూనె కోసమే నేను ఇంత దూరం వచ్చింది. పెద్దవాళ్లకి రోజుకి పావు గ్రాము ఈపీఏ, డీహెచ్‌ఏ అందితే చాలంటారు. 100 గ్రాముల కవళ్లలో దాదాపు ఓ గ్రాము, సీజన్ బాగుంటే ఇంకా ఎక్కువ ఉంటుంది. అంటే రెండు మూడు చేపలతో నాలుగు రోజుల లెక్క తీరిపోయినట్టే. ఇవి నాచుకి దగ్గరి మెట్టు మీద బతికే చేపలు, తక్కువ కాలం బతుకుతాయి కాబట్టి పాదరసం కూడా తక్కువ.

కనగుర్త పేరు వెనక ఓ కథ ఉంది. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో పుస్తకం అచ్చువేశాడు. అందులో స్థానికులు పిలిచే తెలుగు పేర్లే రాశాడు. అలా మన కనగుర్త సైన్స్‌లోకి ఎక్కి, ఈ రోజుకీ ప్రపంచమంతా దాన్ని రాస్ట్రెల్లిజర్ కనగుర్త అనే పిలుస్తోంది. ఇన్‌స్టాలో సాల్మన్ బౌల్ ఫొటోలకి లైకులు కొట్టే మనం, మన పేరు మోసుకు తిరిగే చేపని పేదోళ్ల చేపంటున్నాం.

ఆ బుట్టల వెనక ఇంకో కుప్ప ఉంది. చిన్నాచితకా చేపలు, నలిగినవి. అవి ఎక్కడికని అడిగితే, పొడి కొట్టే ఫ్యాక్టరీకి అంది. ఎండబెట్టి పొడి చేసి రొయ్యల మేతలో, చేపల మేతలో కలుపుతారు. సముద్రంలో పుట్టిన ఒమేగా-3 అలా లారీ ఎక్కి, ఎవరో పెంచే రొయ్య కడుపులోకి వెళ్లి, అక్కడి నుంచి విదేశానికి ఓడెక్కుతుంది.

పులస మాటేమిటని మీరు అడుగుతారని తెలుసు. పుస్తెలమ్ముకునైనా పులస తినాలనే ఊళ్ల మీంచే కదా వచ్చింది. జులై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రంలోని ఇలస ఎర్రనీటి గోదావరికి ఎదురీది పులస అవుతుంది. యానాంలో వేలం వేస్తే ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. దాన్ని ఇంతవరకు మన చెరువుల్లో ఎవరూ వ్యాపారంగా పెంచలేదు. రుచిలో దానికదే సాటి. ఒమేగా-3 కోసమే అయితే మాత్రం ఆ డబ్బుతో ఏడాదంతా కవళ్లు తినొచ్చు.

అక్కకి ఏం చెప్పానంటే

హార్బర్ దగ్గర టీ కొట్టులో కూర్చుని అక్కకి ఫోన్ చేశా. చెప్పింది ఇదే. మీకూ పనికొస్తుంది.

బావ తెచ్చే రోహు మానొద్దు. ప్రోటీన్‌కి అది మంచిదే, ధరా అందుబాటులో ఉంటుంది. కానీ వారంలో రెండు పూటలూ అదే వద్దు. ఒక పూట రోహు, ఇంకో పూట కవళ్లో, కనగుర్తలో. రాంనగర్ మార్కెట్‌లో అడిగితే దొరుకుతాయి. చిన్న చేపలు కనిపిస్తే తలతో సహా వండించుకో. ఎండు మెత్తళ్లు కూడా మంచివే గానీ ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే డాక్టర్ని అడుగు. పెద్ద సొర వద్దు. ఇక వండే పద్ధతి. నూనెలో బాగా వేపితే చేపలోని ఒమేగా-3 కొంత పోతుంది, మూకుడులోని ఒమేగా-6 ముక్కలోకి ఎక్కుతుంది. పులుసు పెట్టుకుంటే కరిగిన కొవ్వు కూడా పులుసులోనే ఉంటుంది. అన్నంలో కలుపుకుని తినేస్తాం కాబట్టి ఎక్కడికీ పోదు.

"అంటే ముల్లున్న చేప తినాలన్నమాట" అని నిట్టూర్చింది. చిన్నప్పటి నుంచి ముల్లంటే దానికి భయం.

అడిగేవాళ్లుంటే..

తిరుగు ప్రయాణంలో ఆకివీడు రైతుకి ఫోన్ చేసి మోలా సంగతి చెప్పా. రోహుతో పాటు ఓ చెరువులో వేసి చూడొచ్చు కదండీ, కలుపని చంపడమెందుకు అన్నా. ఆయన కొట్టిపారేయలేదు. ఎంత సైజు చెరువులో వేశారు, పట్టడానికి ఏ వల వాడారు, మేత ఖర్చు పెరిగిందా అని వరసగా అడిగారు. చివర్లో అసలు మాటకొచ్చారు.

"పెంచడం పెద్ద పని కాదండీ. వేలెడంత చేప ఎవరు కొంటారు చెప్పండి? హైదరాబాదోళ్లు కేజీన్నర రోహు, అదీ ముల్లు తీసి ముక్కలు కొట్టి ఇమ్మంటారు. మార్కెట్లో నలుగురు నోరు తెరిచి అడిగితే మేమెందుకు వెయ్యం? రేపే వేస్తాం."

ఆయన లెక్క ఆయనది, తప్పు పట్టడానికి లేదు. ఈ ఆదివారం చేపల మార్కెట్‌కి వెళ్తే, రోహు తూయించుకుంటూనే "పరిగెలున్నాయా?" అని ఒక్క మాట అడగండి. లేవంటే, వచ్చే వారం తెమ్మని చెప్పి రండి.